యూనికోడ్ నుంచి అను ఫాంట్లకు మారిస్తే పొల్లులు పోతున్నాయి

ఈమధ్య నా కవితలు, కథలు ఒకటీ అరా పత్రికల్లో వస్తున్నాయి. చిన్న పత్రికలే అయినా, పేరు అచ్చులో చూసుకున్న ప్రతిసారీ నాకు పండగే. అందుకే ఈ బాధ.

వర్డ్‌లో గౌతమి అనే యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాల పద్ధతి) ఫాంటుతో, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో టైపు చేసి పంపుతాను. పత్రికవారు దాన్ని అను 7కు (అచ్చుపనికి వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) మార్చి పేజీలు పెడతారు. పొల్లు తర్వాత హల్లు వచ్చినచోటల్లా రెండూ కలిసిపోతున్నాయి: ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అవుతోంది. ‘లక్ష్మి’లో మకారవత్తు ఎగిరిపోయి ‘లక్షి’ మిగులుతోంది. పోయినసారి కవితలో రెండు పాదాలు ఒకే వరుసలోకి వచ్చేశాయి. కవితకు అంతకన్నా నష్టం ఏముంటుంది?

ఫాంటు మార్చి చూశాను, తేడా లేదు. జతగా పీడీఎఫ్ పంపాను. పోల్చి చూసే తీరిక వారికి ఉండదు, వారిని తప్పుపట్టను. పొల్లు పక్కన కనిపించకుండా ఉండి, తర్వాతి హల్లుతో కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను తీసేస్తే నా ఫైలులోనే అక్షరాలు అతుక్కుపోయాయి. ఆన్‌లైన్‌లో దొరికిన ఉచిత కన్వర్టరుతో నేనే మార్చి పంపినా అవే తప్పులు.

పొల్లులను, మూడు హల్లుల సంయుక్తాక్షరాలను, పాదాల విరుపులను చెడగొట్టకుండా యూనికోడ్‌ను అను 7కు మార్చే కన్వర్టరు మీరు స్వయంగా వాడినది ఏదైనా ఉందా?