అనంతగిరి బురదకి సైకిల్‌లో డిరైలర్ (గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) బదులు గేర్‌బాక్స్ పనికొస్తుందా?

ప్రశ్న: వానలు పడితే అనంతగిరి ట్రైల్స్‌లో ఎర్రమట్టి క్యాసెట్‌కి (వెనక పళ్ల చక్రాల గుత్తికి) పట్టేసి గేర్లు దూకుతున్నాయి, రాయి తగిలితే హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) వంగుతోంది. ఇప్పుడున్న హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని) ఫ్రేమ్‌కే పినియన్ కంపెనీ గేర్‌బాక్స్ పెట్టించుకోవచ్చా?

జవాబు 1: కుదరదండి. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు) ఉండేచోట దానికోసమే చేసిన బ్రాకెట్ ఫ్రేమ్‌లో ఉండాలి, గేర్‌బాక్స్ దానికే బిగుస్తుంది. పినియన్ సీ1.12 మోడల్‌లో 12 గేర్లు, రేంజ్ 600 శాతం (అంటే అన్నిటికంటే బరువైన గేర్ తేలికదానికి ఆరు రెట్లు), గేర్‌కీ గేర్‌కీ తేడా 17.7 శాతం. బరువు రెండు కిలోలు దాటినా అది బండి నడుమ ఉంటుంది. వెనక చక్రం తేలికవుతుంది కాబట్టి ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న) బండిలో తేడా బాగా తెలుస్తుంది. అలవాటు చేసుకోవాల్సింది ఒక్కటే: ఎక్కుడులో గట్టిగా తొక్కుతూ హ్యాండిల్ మీది గేర్ గ్రిప్ తిప్పితే తేలిక గేర్ పడదు. పాదం బరువు క్షణం వదిలి, తిప్పి, మళ్లీ తొక్కాలి. క్రాంక్ నిలువుగా ఉన్నప్పుడు ఎలాగూ బలం తగ్గుతుంది, అప్పుడు తిప్పండి.

జవాబు 2: ఫ్రేమ్ మార్చకూడదంటే రోలాఫ్ హబ్ (వెనక చక్రం మధ్యలోనే గేర్లుండేది) చూడండి: 14 గేర్లు, 526 శాతం. కొనేముందు డ్రాపౌట్ (ఫ్రేమ్‌లో వెనక చక్రం బిగిసే చోటు) వెడల్పు కొలిచి, యాక్సిల్ (ఇరుసు) రకం చూసుకోండి. బరువంతా వెనక చక్రంలోకి వెళ్తుంది, దూకుళ్లకి నాకైతే నచ్చదు. నూనె 5,000 కి.మీ.కి లేదా ఏడాదికోసారి మార్చాలి.

జవాబు 3: పినియన్‌కైతే నూనె మార్పు 10,000 కి.మీ.కి లేదా ఏడాదికోసారి. గొలుసు బదులు బెల్టు కావాలంటే మామూలుగా వెనక త్రికోణం విడిపోయే ఫ్రేమ్ కావాలి, ఎందుకంటే బెల్టుకి గొలుసులా లింకు ఊడదు. దానికి నూనె రాయొద్దు, నీళ్లతో కడిగితే చాలు. గొలుసే వేస్తే నూనె, తుడుపు తప్పవు. అప్పటిదాకా మీ ఫ్రేమ్‌కి సరిపోయే హ్యాంగర్ ఒకటి సంచిలో పెట్టుకోండి.