ఓడల భద్రతా నియమాలు: నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టేనా?

తూర్పుతీరం:
సముద్రంలో ప్రాణరక్షణ కోసం 1974లో కుదిరిన సోలాస్ ఒప్పందంలో ఒక పద్ధతి నాకు మింగుడుపడటం లేదు. లండన్‌లోని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ, అదే ఐఎంఓ, ఒక సవరణ చేసి గడువు పెడుతుంది. ఆ గడువులోగా మూడో వంతుకు మించిన సభ్యదేశాలో, ప్రపంచ వాణిజ్య నౌకల టన్నేజీలో, అంటే మొత్తం పరిమాణంలో, సగం చేతిలో ఉన్న దేశాలో అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. చేరేటప్పుడు సంతకం, ధ్రువీకరణ, పత్రం సమర్పణ అంటూ అంత తతంగం. ఆ తర్వాత మాత్రం ఊరుకుంటే చాలా? మనల్ని కట్టిపడేసే నియమం మీద మన పార్లమెంటులో ఒక్క మాటైనా ఉండొద్దా?

బ్రిడ్జ్‌వాచ్:
ఓడ మీద పనిచేసేవాణ్ణి, నా వైపు నుంచి చెప్తాను. మీరు అడుగుతున్న పద్ధతి ఇంతకుముందు ఉన్నదే. 1960 నాటి సోలాస్‌లో సవరణ అమలు కావాలంటే మూడింట రెండొంతుల దేశాలు పత్రం పంపి ఒప్పుకోవాలి. 1966 నుంచి వరసగా సవరణలు చేశారు, ఒక్కటీ అమల్లోకి రాలేదు. ఎవరూ గట్టిగా వ్యతిరేకించింది లేదు, ఫైళ్లు కదల్లేదు, అంతే. చివరికి విసిగిపోయి 1974లో ఒప్పందాన్నే కొత్తగా రాసుకున్నారు. ఇప్పటి పద్ధతిలో ఓడరేవుల భద్రత కోసం తెచ్చిన ఐఎస్‌పీఎస్ కోడ్‌ను 2002 డిసెంబరులో ఆమోదిస్తే 2004 జులై 1కి అమల్లో ఉంది. అగ్నిమాపక నియమం మారేదాకా ఓడ తగలబడకుండా ఆగదు కదా సార్.

లా క్లాస్:
తూర్పుతీరం గారూ, రెండు విషయాలు కలిపేస్తున్నారు. మౌన అంగీకారం సాంకేతిక అధ్యాయాలకే. ఒప్పందంలోని ప్రధాన అధికరణలు, అనుబంధంలోని మొదటి అధ్యాయం మార్చాలంటే ఇప్పటికీ మూడింట రెండొంతుల దేశాలు నోరు తెరిచి ఒప్పుకోవాల్సిందే. ఇక పార్లమెంటు సంగతి. మన దేశంలో ఒప్పందంలో చేరడమే ప్రభుత్వం పని. దాన్ని అమలుచేసే చట్టం దగ్గరే పార్లమెంటు వస్తుంది, మన రాజ్యాంగం 253వ అధికరణ చెప్పేది అదే. పాత ఓడలు విడగొట్టే పని మీద హాంకాంగ్ ఒప్పందం చూడండి. మనం చేరిక పత్రం ఇచ్చింది 2019 నవంబరులో, నౌకల రీసైక్లింగ్ చట్టం వచ్చింది డిసెంబరులో! మీ కోపం లండన్ మీద కాదు, ఢిల్లీ మీద ఉండాలి.

రొయ్యల ఎగుమతి:
మీ అధికరణలు నాకు తెలియవు గానీ, 2016 జులై 1 నుంచి సరుకు నింపిన కంటైనర్ అసలు బరువు రాసివ్వకపోతే ఓడ ఎక్కించకూడదన్న రూలు మాత్రం బాగా గుర్తుంది. కాటా వేయించాలి, స్లిప్పు పంపాలి, రేవు గేటు మూసేలోగా అన్నీ అయిపోవాలి. బరువు నిజంగా చెప్పాలి, కాదనను. కానీ మా పని మారిపోయే రూలు మీద మమ్మల్ని ఎవరూ అడగలేదు.

బ్రిడ్జ్‌వాచ్:
అన్నా, ఆ రూలు ఊరికే రాలేదు. 2007లో ఎంఎస్‌సీ నాపోలి అనే కంటైనర్ ఓడ ఇంగ్లిష్ ఛానల్లో దెబ్బతింది. తర్వాత డెక్ మీద తడవకుండా మిగిలిన 660 దాకా కంటైనర్లను తూస్తే, 137 పెట్టెల్లో కాగితం మీది బరువుకీ అసలు బరువుకీ 3 టన్నులకు మించి తేడా. మీరు నిజమే రాస్తారు, పక్క పెట్టెవాడు రాయడు. వాటి కింద పడుకునేది మేం.

తూర్పుతీరం:
సరే, నచ్చని దేశం బయటకైనా పోవచ్చు కదా?

లా క్లాస్:
పోవచ్చు. ఆ దేశానికి సోలాస్ వర్తించిన రోజు నుంచి 5 ఏళ్లు దాటాక ఎప్పుడైనా నోటీసు ఇవ్వొచ్చు, అందిన ఏడాదికి అది అమలవుతుంది. నావికుల హక్కుల మీద 2006లో వచ్చిన ఎంఎల్‌సీ ఇంకా బిగువు. అది 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. బయటికి పోవడానికి పదేళ్లకోసారి ఒక ఏడాది తలుపు తెరుస్తుంది. 2024 ఆగస్టులోగా వెళ్లనివాళ్లు 2033 దాకా ఉండాల్సిందే.

బ్రిడ్జ్‌వాచ్:
కాగితం మీద అంతే. కానీ బయటికెళ్లి చేసేదేముంది? సోలాస్‌కు జోడించిన 1978 ప్రోటోకాల్ ప్రకారం, ఒప్పందంలో లేని దేశం జెండాతో వచ్చిన ఓడకి రేవులో అదనపు వెసులుబాటు ఇవ్వకూడదు. తనిఖీ అధికారి లైఫ్‌బోట్ చూస్తాడు, ఫైర్ పంప్ నడిపించమంటాడు, లోపం ఉంటే ఓడ ఆపేస్తాడు. ఒక్క సవరణకే అభ్యంతరం చెప్పినా ఇబ్బందే. ఆ విషయం వరకు మీ సర్టిఫికెట్‌ను మిగతా దేశాలు గుర్తించనక్కర్లేదని సోలాస్ ఎనిమిదో అధికరణలోనే ఉంది. సరుకు మోసి బతకాలనుకునే ఏ దేశమూ బయటికి పోదు.

గోదారి గట్టు:
సగం టన్నేజీ అంటున్నారు, అది ఎవరిదో కూడా చెప్పండి. లైబీరియా, పనామా, మార్షల్ దీవుల జెండాల కింద నమోదైన ఓడలు కలిపితేనే 40 శాతం దాటుతుంది. ఓడల యజమానులు ఉండేది వేరే దేశాల్లో. సముద్రమే లేని మంగోలియాకీ నౌకల రిజిస్ట్రీ ఉంది. తలల లెక్క ఒకటి, టన్నుల లెక్క ఒకటి పెట్టినా, పెద్ద రిజిస్ట్రీల మాట బరువే వేరు. ఇంకో సంగతి. ఇంత గొప్ప సోలాస్ చేపల పడవలకి చాలావరకు వర్తించదు, మన నదుల్లో తిరిగే లాంచీలకి అసలే వర్తించదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటు విషయంలో అడగాల్సింది మన ప్రభుత్వాలనే.

లా క్లాస్:
కచ్చులూరు సంగతి ఒప్పుకుంటాను. టన్నేజీ లెక్క మీద మాత్రం, ఓడలే లేని దేశాలు గుంపుగా కలిసి నియమాన్ని ఆపేస్తే దాన్ని ప్రజాస్వామ్యం అంటారా?

తూర్పుతీరం:
అనను. కానీ ఊరుకోవడం వేరు, తెలిసి ఊరుకోవడం వేరు. ఆ ముసాయిదాలు మన నౌకాయాన డైరెక్టరేట్‌కి ముందే వస్తాయా, గడువు పెట్టాకనా?

బ్రిడ్జ్‌వాచ్:
ముందే. ఐఎంఓ కమిటీ చర్చకు తీసుకోవడానికి కనీసం 6 నెలల ముందు అన్ని సభ్యదేశాలకీ పంపాలని ఒప్పందంలోనే ఉంది. ఆమోదించాక అభ్యంతరాలకి కనీసం ఇంకో ఏడాది. దాన్ని ఎగుమతిదారులకీ యూనియన్లకీ తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో పంపించి అభిప్రాయం అడగడానికి ఏ సోలాసూ అడ్డం రాదు.

రొయ్యల ఎగుమతి:
అంత టైమ్ ఉందా! మాకు ఆ రూలు సంగతి తెలిసింది కస్టమ్స్ ఏజెంట్ వాట్సాప్‌లో, అమలుకి వారం ముందు.