ఐ-485 (అమెరికా గ్రీన్‌కార్డు దరఖాస్తు) ప్యాకెట్ మొత్తం వెనక్కి వచ్చేసింది, తెలిసినవాళ్లు చెప్పండి

నల్గొండ టు డాలస్: పొద్దున్నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నాను, తల పగిలిపోతోంది. మా నలుగురి ఐ-485 ప్యాకెట్ ఇమిగ్రేషన్ వాళ్లు దరఖాస్తులు తీసుకునే లాక్‌బాక్స్ నుంచి తిరిగొచ్చింది. ఉద్యోగం ద్వారా వచ్చే ఈబీ-2 కేటగిరీ, ప్రయారిటీ డేట్ (క్యూలో మా తేదీ) 2013 ఆగస్టు. ఇన్నేళ్లకి ఫైల్ చేసే అవకాశం వస్తే డినై చేశారు. సంతకాలన్నీ ఉన్నాయి, మెడికల్స్ పెట్టాం, ఫీజు కట్టాం. వచ్చే నెల వీసా బులెటిన్‌లో (ఏ తేదీ వాళ్ల వంతు వచ్చిందో చెప్పే జాబితా) డేట్లు వెనక్కి పోతే ఏం చేయాలి? పెద్దమ్మాయికి 20 నిండాయి, వాళ్ల లెక్కలో 21 వస్తే మా కేసులో ఉండదు.

కాకినాడ కుర్రాడు: ప్యాకెట్‌తో పాటు వచ్చిన నోటీసులో కారణం ఏం రాశారు?

న్యూజెర్సీ పెద్దాయన: బాబూ, ముందు బర్త్ సర్టిఫికెట్ చూసుకో. మన తరంలో పల్లెటూళ్లలో పుట్టినవాళ్లకి పంచాయతీలో నమోదే ఉండదు. అలాంటప్పుడు నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, దానికి పదో తరగతి మెమో, అమ్మానాన్నల అఫిడవిట్లు జతచేయాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే దానికీ అఫిడవిట్ కావాలి. మీసేవలో ఇప్పుడు తీసుకున్న సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, పాత ఆధారాలు కూడా పెట్టు.

కాకినాడ కుర్రాడు: బర్త్ సర్టిఫికెట్ తక్కువైతే తర్వాత ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు పంపమనే నోటీసు) వస్తుంది గానీ ప్యాకెట్ తిరిగి రాదు సార్. నోటీసు చెప్పండన్నా.

నల్గొండ టు డాలస్: ఫీజు చెల్లింపు సరిగా లేదని ఉంది. ఒక్కొక్కరికి విడివిడిగా, లెక్క సరిచూసుకునే చెక్కులు రాశాం. అందుకే ఏమీ అర్థం కావట్లేదు.

కాకినాడ కుర్రాడు: చెక్కులా? 2025 అక్టోబరు 28 తర్వాత పేపర్ చెక్కులు తీసుకోవట్లేదు. జీ-1450 ఫారంతో కార్డు మీద, లేదా జీ-1650 ఫారంతో అమెరికా బ్యాంకు ఖాతా నుంచి కట్టాలి. అదే కారణం.

ఆస్టిన్ అక్క: ఒక్కో ఫారానికి ఒక్కో జీ-1450 పెట్టండి. 2024 ఏప్రిల్ నుంచి ఈఏడీ (పని చేసుకునే అనుమతి, ఐ-765), అడ్వాన్స్ పరోల్ (విదేశం వెళ్లి రావడానికి అనుమతి, ఐ-131) ఫీజులు ఐ-485లో కలిసి లేవు. పెద్దవాళ్లకి ఐ-485 1,440 డాలర్లు, ఐ-765కి 260, ఐ-131కి 630. చిన్నపిల్లలు 14 లోపు ఉండి మీతోపాటే ఫైల్ చేస్తే ఐ-485 950. కార్డు డిక్లైన్ అయితే మళ్లీ ప్రయత్నించరు, ప్యాకెట్ ఇంకోసారి వెనక్కి వస్తుంది. ముందే లిమిట్ చూసుకోండి.

చార్లెట్ రావు: ఇది డినై కాదు, రిజెక్ట్. ఆ రెండూ కలిపేయకండి.

న్యూజెర్సీ పెద్దాయన: పేరేదైతేనేం, కాగితాలు వెనక్కి వచ్చాయిగా.

చార్లెట్ రావు: తేడా ఉంది సార్. రిజెక్ట్ అంటే అప్లికేషన్ వాళ్ల దగ్గర నమోదే కాలేదు. ఫీజు పోదు, కానీ మొదట పంపిన తేదీ కూడా దక్కదు. డినై అంటే కేసు పరిశీలించి కాదన్నారని. 2025 జూన్‌లో మారిన నిబంధన ప్రకారం డినై అయితే దాంతో పెట్టిన ఐ-693 మెడికల్ కూడా చెల్లదు. అందుకే అడుగుతున్నా, మెడికల్ సీల్డ్ కవర్లు విప్పలేదు కదా? విప్పకండి. 2024 డిసెంబరు 2 నుంచి మెడికల్ మొదటే పెట్టాలి, లేకపోతే దానికీ తిప్పి పంపొచ్చు.

హైటెక్ సిటీ బ్రో: ఇంత కష్టపడినా ఈఏడీ ఇప్పుడు 18 నెలలకే ఇస్తున్నారు, ఐదేళ్లు పోయాయి. 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు కూడా ఎత్తేశారు. రెన్యువల్ ఆలస్యమైతే ఉద్యోగం ఆపాల్సిందేనా?

ఆస్టిన్ అక్క: దానికి వేరే పోస్ట్ పెట్టు తమ్ముడూ. ఇక్కడ అసలు భయం పెద్దమ్మాయి గురించే. 2025 ఆగస్టు 15 నుంచి పిల్లల వయసు లెక్కకి బులెటిన్‌లో ఫైనల్ యాక్షన్ డేట్ (గ్రీన్‌కార్డు ఇచ్చే వంతు) చూస్తున్నారు, ఫైలింగ్ డేట్ (దరఖాస్తు వేసే వంతు) కాదు. మీరు ఫైల్ చేసినంత మాత్రాన ఆమె వయసు ఆగదు. అయితే ఐ-140 (మీ కంపెనీ వేసిన పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజులు వయసులోంచి తీసేస్తారు.

నల్గొండ టు డాలస్: కవర్లు విప్పలేదు. కార్డు లిమిట్ పెంచమని బ్యాంకుకి ఫోన్ చేస్తున్నా, ఈ వారమే మళ్లీ పంపుతాం. థాంక్స్ అందరికీ.

ఆస్టిన్ అక్క: ఐ-140 ఎప్పుడు వేశారు, ఎప్పుడు అప్రూవ్ అయింది? ఆ రెండు తేదీలు చెప్తే అమ్మాయి వయసు లెక్క వేద్దాం.