బొమ్మల సినిమాల రాకుమార్తెలు మన గుంటలకి (ఆడపిల్లలకి) ఆదర్శమా?

గంటస్తంభం (విజయనగరం): అంగన్‌వాడీ వయసు పిల్లలకి ఈ యానిమేషన్ రాకుమార్తెల్ని చూపించొద్దంటాను. 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’ చూడండి. 75 నిమిషాల సినిమా, పేరు నిద్రపోయే రాకుమార్తె మీదే, ఆవిడ తెరమీద ఉండేది 18 నిమిషాలు. పిల్ల ఏటి నేర్చుకోవాలి, నిద్రపోవడమా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం): మాస్టారూ, అదే సినిమాలో రాకుమారుణ్ణి చెర విడిపించి కత్తీ డాలూ చేతికిచ్చింది ముగ్గురు ముసలి దేవకన్యలు. వాళ్లని వదిలేసి నిమిషాలు లెక్కెడితే ఎలాగండి? కొత్తవన్నీ మేలనీ అనను. భాషాశాస్త్రవేత్తలు మాటలు లెక్కేస్తే 1937 ‘స్నో వైట్’లో ఆడా మగా ఇంచుమించు సగం సగం, 1989 ‘లిటిల్ మెర్మెయిడ్’లో మగవాళ్లవే 68 శాతం. కథానాయిక జలకన్య తన గొంతు మంత్రగత్తెకి ఇచ్చేసిందనే కాదు, పీత, చేప, పక్షి, వంటవాడు అందరూ మగే. పక్కపాత్ర అనగానే మగగొంతు పెట్టేస్తారు, తేడా అక్కడొస్తోంది.

బొబ్బిలి_పంతులమ్మ: పరిశోధనలూ ఒక్క మాట మీద లేవు. 2016లో ఇంకా బడి వయసు రాని 198 మంది పిల్లల మీద చేసినదాంట్లో రాకుమార్తెల మోజు ఎక్కువున్నవాళ్లలో ఏడాది తర్వాత ‘ఆడపిల్ల ఇలాగే ఉండాలి’ అన్న తీరు పెరిగింది. అదే బృందం 2021లో ఇచ్చిన ఫలితంలో, అయిదేళ్లు గడిచాక, అలాటి పిల్లల్లోనే ఆడామగా సమానమన్న భావం ఎక్కువ కనిపించింది.

కాబట్టి ఎలా చూపించాలన్నదే చూడండి. ‘మెర్మెయిడ్’లో మంత్రగత్తె ఒప్పందం దగ్గర ఆపండి. జలకన్యకి మనిషి కాళ్లొస్తాయి, గడువు మూడు రోజులు, మూడో రోజు పొద్దు గూకేలోపు రాకుమారుడి ముద్దు దక్కాలి, ధర గొంతు. సంతకం అయ్యాకే ఆపాలి. పాట మధ్యలో ఆపితే పిల్ల ఏడుస్తుంది, ప్రశ్న గాలికి పోతుంది. ‘ఏటిచ్చింది? ఏటొచ్చింది?’ అని మాత్రం అడగండి. ‘తప్పు కదమ్మా?’ అంటే మీ మొహం చూసి తలూపేస్తుంది. సినిమాకి రెండుసార్లు ఆపితే చాలు.

గంటస్తంభం: ఫోన్ చేతికిచ్చి వంటలో పడ్డ ఇంట్లో ఎవరు ఆపుతారమ్మా? పుట్టినరోజుకి ఆ గౌనూ కిరీటమూ కొన్నాక ప్రశ్నలకి చోటెక్కడిది? మన ఆమదాలవలస పక్కన పెరిగిన బరువులెత్తే కరణం మల్లీశ్వరి ఉండగా ఈ గొడవ ఎందుకు? 2000 సిడ్నీ ఒలింపిక్స్, 69 కిలోల విభాగం, స్నాచ్‌లో (ఒక్క ఊపులో ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకి, తర్వాత నెత్తిమీదికి) 130, మొత్తం 240 కిలోలు, కాంస్యం.

నాగావళి_గట్టు: ఒప్పుకుంటాను, కానీ నాలుగేళ్ల గుంటకి 240 అంటే ఏం బోధపడుతుంది? పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదు, పైన ఇంకో అయిదు కిలోలు, అన్నీ కలిపి నెత్తిమీదికి లేపిందని చెప్పండి, అదీ 130. ఇంకోటి: ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు తప్పాయి. వీడియో చూపిస్తే ఆ ముక్క కత్తిరించకండి.