మడత సైకిలా, స్టేషనులో ఉంచే సైకిలా: రైలుతో కలిపి రోజువారీ ప్రయాణం

ప్రశ్న

నమస్కారం. ఉద్యోగానికి రోజూ సైకిలు, రైలు కలిపి వెళ్లాలని గట్టిగా అనుకుంటున్నాను. ఇప్పటికే అలా వెళ్తున్నవారి సలహా కావాలి. మా ఇంటికి దగ్గరి స్టేషను 1.5 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఇప్పుడు అక్కడికి నడిచే వెళ్తున్నాను. కానీ అక్కడ రైలెక్కితే మధ్యలో దిగి ఇంకో మార్గంలో వెళ్లే రైలు పట్టుకోవాలి. చివర దిగిన చోటి నుండి కార్యాలయం మరో 3 కిలోమీటర్లు. ఆ దూరానికి బస్సు ఉంది కానీ, దాన్ని నమ్ముకుంటే సమయానికి చేరతానన్న భరోసా లేదు. నేరుగా వెళ్లే రైళ్లు ఆగే స్టేషను ఇంటికి 4 కిలోమీటర్ల దూరంలో ఉండటంతో దాని గురించి ఇన్నాళ్లూ ఆలోచించలేదు. రద్దీ వేళల్లో మామూలు సైకిళ్లను రైల్లోకి రానివ్వరు. అందువల్ల మడత సైకిలు కొని వెంట తీసుకువెళ్లడం మేలా, మామూలు సైకిలును స్టేషనులో ఉంచి వెళ్లడం మేలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి జవాబు

ఏ సైకిలు కొనాలన్నది తేల్చుకునే ముందు ఏ స్టేషనుకు వెళ్లాలన్నది తేల్చుకోండి. మీ ప్రశ్నలో అన్నిటికంటే విలువైన విషయం మీరు దూరమని పక్కన పెట్టిన ఆ రెండో స్టేషనే అని నాకు అనిపిస్తోంది. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడిస్తే 1.5 కిలోమీటర్లకు 18 నిమిషాలు పడుతుంది. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున, పెద్దగా ఆయాసపడకుండా సైకిలు తొక్కితే 4 కిలోమీటర్లకు 16 నిమిషాలు చాలు. సైకిలుకు తాళం వేయడానికి రెండు మూడు నిమిషాలు కలుపుకున్నా, మీరు దూరమనుకున్న స్టేషనుకు ఇప్పుడు దగ్గరి స్టేషనుకు పట్టే సమయంలోనే చేరతారు, పైగా మధ్యలో రైలు మారే పని తప్పుతుంది.

రైలు మారడంలో అసలు ఇబ్బంది మెట్లెక్కి దిగడం కాదు, ఆ ప్రయాణంలోకి వచ్చి చేరే అనిశ్చితి. మొదటి రైలు రెండు నిమిషాలు ఆలస్యమై, కలవాల్సిన రైలు వెళ్లిపోతే, పది నిమిషాలకొక రైలు నడిచే మార్గంలో ఆ రెండు నిమిషాలు కాస్తా పది నిమిషాలవుతాయి. సైకిలుపై నడకకు మూడింతల దూరం వెళ్లగలం కాబట్టి అంతే సమయంలో మనకు అందుబాటులోకి వచ్చే ప్రాంతం విస్తీర్ణం తొమ్మిదింతలవుతుంది. అంత ప్రాంతంలో దగ్గరి స్టేషనును కాక మంచి స్టేషనును ఎంచుకునే వీలు కలుగుతుంది. సైకిలును రైలుతో కలపడంలో ఉన్న అతిపెద్ద లాభం ఇదేనని నా అభిప్రాయం.

రెండో జవాబు

పై లెక్కతో నేనూ ఏకీభవిస్తాను. ఇక మడత సైకిలు విషయం. చాలాకాలంగా వాడుతున్నవాడిగా చెబుతున్నాను, కొనేటప్పుడు తొక్కి చూడటం ఎంత అవసరమో, మడిచి చేత్తో పట్టుకుని రెండంతస్తుల మెట్లెక్కి చూడటం అంతకంటే అవసరం. వీటిలో చాలావాటి బరువు 10 నుండి 13 కిలోల మధ్య ఉంటుంది. దుకాణంలో ఒకసారి ఎత్తి చూస్తే అది తేలికగానే అనిపిస్తుంది కానీ, మరో చేతిలో సంచి ఉండి, వెనక నుండి జనం తోసుకువస్తున్నప్పుడు దాని అసలు బరువు తెలుస్తుంది.

చక్రాలు 16 అంగుళాలవైతే మడత చిన్నదిగా ఉండి సీటు పక్కనో కాళ్ల ముందో ఇముడుతుంది. 20 అంగుళాలవైతే రోడ్డు మీద నిలకడ ఎక్కువ కానీ, నిండిన బోగీలో తోటి ప్రయాణికులకు అడ్డుగా ఉంటుంది. మీరు రద్దీ వేళలోనే వెళ్తారు కాబట్టి చిన్న చక్రాల వైపే మొగ్గుతాను. మడిచినప్పుడు చైను రెండు చక్రాల మధ్యకు, అంటే లోపలి వైపుకు వస్తోందా అన్నది తప్పక చూడండి, ఎందుకంటే చైను బయటి వైపు ఉండిపోతే దాని నల్లటి జిడ్డు మీ బట్టలకే కాక పక్కవారి బట్టలకూ అంటుతుంది. గేటు దగ్గర మడవడం మొదలుపెట్టకుండా, స్టేషను బయట ఖాళీగా ఉన్న చోటే మడిచి లోపలికి వెళ్లండి. పైన కప్పడానికి ఒక పలుచని సంచి కూడా దగ్గర ఉంచుకోండి. జపాన్‌లో సైకిలును మడిచి గానీ విడదీసి గానీ సంచిలో పెడితేనే సాధారణంగా రైల్లోకి రానిస్తారు. మీ రైళ్ల నియమాల్లోనూ అలాంటి షరతు ఉందేమో ముందే చూసుకోండి.

ఇంకొకటి, చిన్న చక్రం గుంతలో లోతుగా దిగుతుంది కాబట్టి టైర్లలో గాలి తగ్గకుండా వారం వారం చూసుకోవాలి. ఆ కొలత ట్యూబులు అన్ని దుకాణాల్లోనూ దొరకవు, అందువల్ల ఒకటి సంచిలో ఉండటం మంచిది.

మూడో జవాబు

నా అభిప్రాయం కొంచెం వేరు. రోజూ ఒకే దారిలో వెళ్లేవారికి రెండు పాత సైకిళ్లు, అంటే ఇంటి వైపు స్టేషనులో ఒకటి, కార్యాలయం వైపు స్టేషనులో ఒకటి ఉండటమే అన్నిటికంటే హాయి. రైల్లో చేతులు ఖాళీగా ఉంటాయి, ఎవరికీ అడ్డు కారు. నెదర్లాండ్స్‌లోనూ చాలామంది సైకిలును స్టేషనులో ఉంచే రైలెక్కుతారు. అక్కడ రద్దీ వేళల్లో మామూలు సైకిళ్లను రైల్లోకి అనుమతించరు, అందుకు బదులుగా స్టేషన్ల దగ్గరే నిలిపే చోటు కల్పించారు. 2019లో పూర్తయిన ఉట్రెక్ట్ నగర స్టేషను సైకిలు స్టాండులో దాదాపు 12,500 సైకిళ్లు పడతాయి. దిగిన చోటి నుండి మిగతా దూరం వెళ్లడానికి స్టేషన్లలోనే అద్దె సైకిళ్లు కూడా దొరుకుతాయి.

స్టేషనులో ఉంచే సైకిలు చూడటానికి సాదాగా, గేర్లు లేకుండా, చైను మీద పూర్తి కవరుతో ఉండాలి. ఎండలోనూ వానలోనూ నిలబడేది కాబట్టి దానికి విడి భాగాలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. యూ ఆకారపు గట్టి తాళాన్ని వెనక చక్రం, ఫ్రేము, స్టాండు మూడింటినీ కలిపి వేయండి; ముందు చక్రానికి గొలుసు తాళం వేరే ఉండాలి. తాళం వేసే ముందు ఆ స్టాండును ఒకసారి గట్టిగా ఊపి చూడండి, ఎందుకంటే నేలలో బోల్టులతో మాత్రమే బిగించినది ఊడి వచ్చేదైతే ఎంత ఖరీదైన తాళమైనా నిష్ప్రయోజనం. జనం ఎప్పుడూ నడిచే దారి పక్కన పెట్టండి.

అడిగినవారి నుండి

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిమిషాల లెక్క చూశాక 4 కిలోమీటర్ల స్టేషనుకే వెళ్లాలని నిర్ణయించుకున్నాను. కార్యాలయం వైపు స్టేషనులో మాత్రం పైకప్పు గానీ కాపలా గానీ లేవు. సెలవు రోజుల్లో కూడా సైకిలు అక్కడే ఉండిపోవాలంటే మనసొప్పడం లేదు.

మూడో జవాబు రాసినవారి నుండి

అలాగైతే అక్కడ రెండో సైకిలు ఉంచమని నేనూ చెప్పను. మీకు మడత సైకిలే సరైనది, కాకపోతే దాన్ని పగలంతా ఉంచడానికి కార్యాలయం లోపల చోటిస్తారో లేదో కొనకముందే అడగండి. ఇప్పటికి మీ మామూలు సైకిలుతో ఇంటి వైపు ప్రయాణం మొదలుపెట్టి, అవతలి 3 కిలోమీటర్లకు బస్సునే వాడుతూ ఉంటే, ఆ రైళ్లలో మీరు వెళ్లే వేళకు మడిచిన సైకిలు పట్టేంత ఖాళీ ఉంటుందో లేదో కూడా స్వయంగా చూసుకోవచ్చు.