తోలు పనికి మిషన్: "హెవీ డ్యూటీ" అన్న మాటని నమ్మొచ్చా?

తోలుసంచి:
అందరికీ నమస్తే. విజయవాడలో ఇంటి దగ్గరే లెదర్ పర్సులు, ఆఫీసు బ్యాగులు కుట్టి అమ్ముతున్నాను. మొన్నటిదాకా అంతా చేత్తోనే. బ్యాగుకి రెండు రోజులు పడుతోందని పోయిన దసరాకి ఒక ఇంటి మిషన్ కొన్నాను. "హెవీ డ్యూటీ, లెదర్ కూడా కుడుతుంది" అన్నారు. షాపులో మేక తోలు మీద జానెడు కుట్టి చూపించారు, నమ్మేశాను. ఇంటికొచ్చి బ్యాగు మూల, అంటే నాలుగు పొరలు కలిసే చోట పెట్టాను. సూది దిగింది, తోలు మాత్రం ముందుకి కదల్లేదు. ఒకే రంధ్రంలో పది కుట్లు పడ్డాయి, మోటార్ నుంచి కాలిన వాసన. ఇప్పుడు ఒకరేమో ఫ్యాక్టరీల్లో వాడే సింగిల్ నీడిల్ కొనమంటున్నారు, ఇంకొకరు వాకింగ్ ఫుట్ (పై పాదం కూడా సరుకుతో పాటు అడుగేసే మిషన్) లేకుండా తోలు జోలికి పోవద్దంటున్నారు. నా దగ్గర 40 వేలున్నాయి. సెకండ్ హ్యాండైనా పర్లేదు. ఏది తీసుకోవాలి?

నల్లమిషన్:
అక్కా, ముందు ఆ 40 వేలు బీరువాలో పెట్టేయండి. మా నాన్న టైలరు. ఆయన కాలి మిషన్ మీదే నేను నాలుగేళ్ళుగా పర్సులు కుడుతున్నాను. 18 నంబర్ లెదర్ సూది, 40 నంబర్ నైలాన్ దారం వేసి, పాదం మీది స్క్రూ ఒకటిన్నర చుట్టు బిగిస్తే చాలు. కాలితో తొక్కేదానికి ఒక్కో కుట్టూ మన చెప్పుచేతల్లో ఉంటుంది. మీరు కొన్నలాంటి వాటి పెట్టె మీద నిమిషానికి 1100 కుట్లని గొప్పగా రాస్తారు. తోలు మీద ఆ వేగంతో ఏం చేసుకుంటాం? నేనైతే నిమిషానికి వంద దాటను.

పెరియమేడు:
పర్సుకి ఒప్పుకుంటాను. బ్యాగుకి ఒప్పుకోను. ఎనిమిదేళ్ళు చెన్నైలో ఎక్స్‌పోర్ట్ బ్యాగుల లైన్ చూసినవాణ్ణి, కొంచెం పొడుగ్గానే చెబుతాను.

కాలి మిషన్, ఇంటి మిషన్, సింగిల్ నీడిల్, మూడింటిలోనూ సరుకుని లాగేది కింద ఉన్న పళ్ళే. పైన పాదం ఊరికే నొక్కి పట్టుకుంటుంది. పళ్ళు కింది పొరని లాగుతుంటే పై పొర పాదానికి రాసుకుని వెనకబడుతుంది. అడుగు పొడవు కుట్టి చూడండి, చివర్లో పై ముక్క మిగిలిపోతుంది. బట్టయితే లాగి సర్దుకుంటాం, విప్పి మళ్ళీ కుడతాం. తోలులో ఒకసారి పడిన రంధ్రం పోదు. తోలుసంచి గారి మూల కదలకపోవడానికీ ఇదే కారణం. మోటార్ సూదిని దించగలిగింది, పళ్ళకే పట్టు దొరకలేదు. ఇంకా పెద్ద మోటార్ పెట్టినా అక్కడే దిగుతుంది.

వాకింగ్ ఫుట్‌లో కాంపౌండ్ ఫీడ్ అని ఒక రకం ఉంది. దాంట్లో సూది గుచ్చుకుని, అలా గుచ్చుకుని ఉండగానే పళ్ళతో, లోపలి పాదంతో కలిసి వెనక్కి జరుగుతుంది. పొరలన్నిటికీ మేకు కొట్టి జరిపినట్టు. రెండు మిషన్లు పక్కపక్కన పెట్టి చూడండి. జపాన్ కంపెనీ జుకీ వాళ్ళ డీడీఎల్-8700 మామూలు సింగిల్ నీడిల్. కుట్టు పొడవు 4 మి.మీ., మోకాలితో పాదం 13 మి.మీ. లేస్తుంది. అదే కంపెనీ డీఎన్‌యూ-1541 కాంపౌండ్ ఫీడ్. కుట్టు 9 మి.మీ., పాదం 16 మి.మీ. వేగం మాత్రం మొదటిదాంట్లో సగం కన్నా తక్కువే, నిమిషానికి 2500 కుట్లు. తోలు మిషన్ నిదానంగానే ఉంటుంది. కుట్టు పొడవు కూడా చూడాలి. లెదర్ సూది మొన తోలుని కోస్తుంది, కాబట్టి కుట్లు దగ్గరదగ్గరగా పడితే తపాలా బిళ్ళల షీటులా ఆ గీత వెంబడే చిరుగుతుంది.

నల్లమిషన్:
పొరల మధ్య జిగురు పూసి ఆరబెడితే ఏదీ జరగదు కదండీ? అంచులు కత్తితో పలచగా చెక్కితే నాలుగు పొరలూ రెండు పొరల మందానికి వస్తాయి. చేతిలో పని ఉన్నవాడికి మిషన్‌తో ఇంత తంటా లేదు.

పెరియమేడు:
జిగురు పొరల్ని పట్టి ఉంచుతుంది, మందం పెరిగిన చోట పాదాన్ని మెట్టెక్కించదు. చెక్కడం మాత్రం తప్పనిసరి, ఏ మిషనైనా సరే. ఆ మాట ముందే చెప్పాల్సింది, నాదే పొరపాటు.

రెండుసూదులు:
అసలు మిషన్ ఎందుకు? మిషన్ కుట్టులో పై దారం, కింది దారం తోలు మధ్యలో ముడిపడతాయి. ఒకచోట తెగితే రెండు వైపులా ఊడుతూ పోతుంది. రెండు సూదులతో కుట్టే శాడిల్ కుట్టులో ఒకే దారం రెండు వైపుల నుంచీ వెళ్తుంది, ఒక కుట్టు తెగినా పక్కది ఆపుతుంది. చేతి కుట్టని చెప్పే మంచి ధరకి అమ్ముకోవచ్చు.

మిస్త్రీ_గుంటూరు:
చేత్తో కుట్టిందల్లా శాడిల్ కుట్టు కాదండీ. మన రోడ్డు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన కొక్కెం ఉన్న ఆరె గుచ్చి, కింది నుంచి దారం ఉచ్చులా పైకి లాగి, దాంట్లోంచి రెండో దారం దూరుస్తాడు. అది మిషన్ వేసే ముడే. అలా కుట్టిన చెప్పులు ఏళ్ళ తరబడి నడిచాయి. ఊడిపోయేవి ఎక్కువగా దారానికీ సూదికీ జత కుదరనివి. 40 నంబర్ దారానికి 18 సూది సరిపోతుంది. బ్యాగు హ్యాండిల్‌కి ఇంకా లావైన 20 నంబర్ దారం కావాలంటే సూది 22కి పోవాలి. ఇంటి మిషన్ సూదుల్లో మీకు ఆ సైజు దొరకడం కష్టం. కాంపౌండ్ మిషన్లు తీసుకునే డీపీ×17 సూదుల్లో దొరుకుతుంది.

డల్లాస్_బెల్టు:
ఇక్కడ నేను బెల్టులు, తుపాకీ ఒరలు కుడతాను. జుకీ 441 పోలికతో చేసిన సిలిండర్ ఆర్మ్ (కింద బల్లకి బదులు గొట్టం లాంటి చెయ్యి ఉండే) మిషన్. ముప్పావు అంగుళం తోలు వెన్నలా దిగుతుంది. ఒకేసారి పెద్దది కొనేయండి, మళ్ళీ మళ్ళీ కొనక్కర్లేదు.

నల్లమిషన్:
అన్నా, ఆవిడ పర్సులు కుడుతున్నారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం దేనికి? లావు దారానికి పుట్టిన మిషన్ అది, పలచటి మేక తోలు మీద దాని పళ్ళ గుర్తులే మిగులుతాయి.

డల్లాస్_బెల్టు:
గుర్తుల సంగతి నిజమే. నేను పర్సులు కుట్టను కాబట్టి తట్టలేదు.

మిస్త్రీ_గుంటూరు:
ఆ గుర్తులు కాంపౌండ్ ఫీడ్‌తోనూ పడతాయి పెరియమేడు గారూ, మీరది చెప్పలేదు. పాదాల పళ్ళు అరగదీసిన నున్నటి జత వేసుకుంటే తగ్గుతాయి. తంగేడు చెక్కతో ఊనిన తోలు మీద మరీ తెలుస్తాయి, గోరు గీసినా గుర్తు పడే తోలది. క్రోమ్ లవణాలతో ఊనిన తోలు కొంత నయం. పర్సులు మాత్రమే చేసేవాళ్ళకి నేనైతే సింగిల్ నీడిల్‌కి రోలర్ పాదం (చిన్న చక్రంలా దొర్లేది) బిగించి ఇస్తాను, తృప్తిగానే వాడుకుంటున్నారు.

తోలుసంచి గారూ, మీ బడ్జెట్‌కి జపాన్ కాంపౌండ్ మిషన్ కొత్తది రాదు. పాతది చూడ్డానికి వెళ్తే కరెంటు వెయ్యనివ్వకండి. చక్రం చేత్తో తిప్పండి. సూది తోలులో దిగాక పళ్ళతో పాటు వెనక్కి జరిగితే అది కాంపౌండ్. రెండు పాదాలు నడుస్తూ సూది మాత్రం నిలువుగా దిగి లేస్తుంటే అది వేరే రకం. దుకాణాల్లో రెండిటినీ "వాకింగ్ ఫుట్" అనే అంటారు. తర్వాత కింద మోటార్ చూడండి. నిమిషానికి 2880 చుట్లు, ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగే క్లచ్ మోటార్ ఉంటే పెడల్ తాకగానే లేడిలా దూకుతుంది, మూల తిప్పుకునే వ్యవధి ఇవ్వదు. దాన్ని తీసేసి సర్వో, అంటే వేగం మనం తగ్గించుకోగల మోటార్, వేయించుకోవాలి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి. చౌక సర్వోలు మరీ నెమ్మదిగా నడిపితే నీరసపడతాయి, మధ్యలో పెద్ద పుల్లీ, చిన్న పుల్లీ జత అమర్చి వేగం తగ్గిస్తే బలం వస్తుంది. అన్నిటికన్నా ముందు, మీ బ్యాగులో అత్యంత మందమైన చోటు ఎన్ని మి.మీ.? అది ఎవరూ అడగలేదు.

తోలుసంచి:
స్కేలు పెట్టి కొలిచాను. హ్యాండిల్ అతికే చోట 9. మూలలు 7, అంచులు చెక్కితే 4 కన్నా తక్కువకి వచ్చాయి. మిగతాదంతా 3, 4 మధ్యే. అంటే నేను భయపడినంత మందం రెండే రెండు చోట్ల ఉంది.

పెరియమేడు:
ఆ రెండు చోట్లూ చేత్తో కుట్టి, మిగతాది సింగిల్ నీడిల్‌తో లాగించొచ్చు అంటారేమో. నేను మాత్రం అననండీ. 4 మి.మీ. మందం దగ్గర కూడా కుట్టు వరస పొడుగ్గా ఉంటే పై పొర జరుగుతుంది. నెలకి పది బ్యాగులు దాటుతుంటే కాంపౌండే.

నల్లమిషన్:
నెలకి పది దాటితేనే కదా! ఆవిడ ఎన్నో చెప్పనే లేదు.

తోలుసంచి:
నాలుగు బ్యాగులు, ముప్పై దాకా పర్సులు. 

నిన్న హైదరాబాద్ వెళ్ళి ఒక పాత మిషన్ చూసొచ్చాను, 38 వేలన్నాడు. మిస్త్రీ గారు చెప్పినట్టు చక్రం చేత్తో తిప్పాను. పాదాలు రెండూ నడిచాయి, సూది నిలువుగానే దిగి లేచింది. ఇది కాంపౌండ్ కాదు కదా అన్నాను. "మీకెవరు చెప్పారు మేడం?" అని అడిగాడు గానీ కాదని మాత్రం అనలేదు. కొనకుండా వచ్చేశాను. వచ్చే వారం మా పెదనాన్న వాళ్ళింట్లో మూలపడున్న కాలి మిషన్ తెచ్చి పర్సులు దానిమీద మొదలుపెడతాను. నల్లమిషన్ తమ్ముడూ, పాదం స్క్రూ ఎటువైపు తిప్పితే బిగుస్తుంది? బ్యాగుల కోసం కాంపౌండ్ వెతుకుతూనే ఉంటాను. ఎవరి దృష్టికైనా వస్తే ఇక్కడే చెప్పండి, తోలు ముక్కలు సంచిలో వేసుకుని వస్తాను.