నాయకులు సామాజిక మాధ్యమాల్లో మనసు విప్పి మాట్లాడడం మేలా, కీడా?

చర్చ ప్రారంభించినవారు:

రాజకీయ నాయకులు విలేకరులనూ అధికార ప్రతినిధులనూ మధ్యలో ఉంచకుండా సామాజిక మాధ్యమాల్లో ప్రజలతో మనసు విప్పి మాట్లాడడం మంచిదేనని నా అభిప్రాయం. పదవిలో ఉన్నవారు ఒక్కోసారి నోరు జారినా సరే, ఎవరో రాసిచ్చిన ప్రకటన కంటే ఆ జారిన మాటే వారి స్వభావాన్ని ఎక్కువగా తెలియజేస్తుంది. విభేదించేవారు కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సభ్యుడు:

నేరుగా మాట్లాడడాన్నీ, దాపరికం లేకుండా మాట్లాడడాన్నీ మీరు ఒకే గాటన కట్టారు. 1933 మార్చి 12న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ బ్యాంకుల సంక్షోభం గురించి రేడియోలో మాట్లాడినప్పుడు అది ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్పినట్టే సాగింది, కానీ అది ముందుగా రాసుకుని చదివిన ప్రసంగం. అయినప్పటికీ, డిపాజిట్ చేసిన సొమ్మును బ్యాంకు ఖజానాలో అలాగే దాచి ఉంచదనీ, అందువల్ల అందరూ ఒకేసారి అడిగితే తిరిగి ఇవ్వలేదనీ శ్రోతలకు స్పష్టంగా తెలిసింది. కాబట్టి సిద్ధం చేసుకున్న మాటలో నిజం ఉండదనీ, అప్పటికప్పుడు అన్న మాటలోనే ఉంటుందనీ అనుకోవడానికి ఆధారం లేదు.

2020 మార్చి 25 రాత్రి, లాక్‌డౌన్ మొదలవబోతున్న వేళ, న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఇంట్లో వేసుకునే దుస్తులతోనే ఫేస్‌బుక్ లైవ్‌లోకి వచ్చి ప్రజల ప్రశ్నలకు సమాధానాలు ఇచ్చారు. చాలామంది ఆ దుస్తుల గురించి చెప్పుకున్నారు గానీ, నాకు మాత్రం ఆమె ప్రశ్నలు తీసుకోవడమే ముఖ్యంగా తోస్తుంది. అక్కడ కూడా ఒక లోటు ఉంది: విలేకరుల సమావేశంలో సమాధానం దాటవేస్తే అదే ప్రశ్నను మళ్లీ అడిగేవారు ఎదురుగా ఉంటారు, కానీ సొంత పేజీలో ఏ ప్రశ్నను చదవాలో, దేన్ని చూడనట్టు వదిలేయాలో నాయకుడే నిర్ణయిస్తాడు.

చర్చ ప్రారంభించినవారు:

మీ వాదనలో బలం ఉంది. అయితే మనసు విప్పినవారిని మనం ఎలా చూస్తున్నామో కూడా ఆలోచించండి. 2009 సెప్టెంబరులో, అప్పటి విదేశాంగ శాఖ సహాయ మంత్రి శశి థరూర్ విమానంలో ఎకానమీ తరగతిని ‘క్యాటిల్ క్లాస్’ (పశువుల తరగతి) అని ట్వీట్ చేసినందుకు సొంత పార్టీ నుంచే విమర్శలు ఎదుర్కొని క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఆ మాట ఆయనను అడిగిన ప్రశ్నలోనిదే. దాన్ని ఆయన హాస్యంగా తిరిగి వాడారు. ఇటువంటి అనుభవం తరువాత ఎవరైనా ఖాతాను సిబ్బందికి అప్పగించి పండుగ శుభాకాంక్షలతో సరిపెట్టుకుంటే తప్పు వారిదేనా?

రెండవ సభ్యురాలు:

అది చిన్న మాటకు వచ్చిన పెద్ద దుమారమే, అంగీకరిస్తాను. కానీ 2018లో విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ తనపై వచ్చిన దూషణలను తన ఖాతాలోనే అందరికీ చూపి, ఇటువంటి ట్రోలింగ్‌ను మీరు సమర్థిస్తారా అని పోల్ పెట్టారు. పాల్గొన్నవారిలో 43 శాతం సమర్థిస్తామన్నారు. (ఆ అంకె చదివిన రోజు నాకు కలిగిన దిగులు ఇంకా గుర్తుంది.) నాయకులు నేరుగా మాట్లాడాలని కోరే ప్రజల్లో ఇటువంటివారు కూడా ఉన్నారని మరువకూడదు.

మొదటి సభ్యుడు:

దూషించేవారిని దూరంగా ఉంచడం వేరు, విమర్శించేవారిని వెళ్లగొట్టడం వేరు. ఒక అధికారి తన ఫేస్‌బుక్ పేజీలో వ్యాఖ్యలు తొలగించి, విమర్శకుడిని బ్లాక్ చేసిన కేసులో అమెరికా సుప్రీం కోర్టు 2024 మార్చిలో తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం ఆ వ్యక్తికి నిజంగా ఉండి, ఆ పోస్టులో దాన్నే వినియోగిస్తున్నట్టు కనిపిస్తేనే అలా బ్లాక్ చేయడం ప్రభుత్వ చర్య అవుతుందని, అంటే వాక్‌స్వేచ్ఛ హక్కు కింద ప్రశ్నించదగినది అవుతుందని, కోర్టు చెప్పింది. చట్టపరంగా ఈ గీత సబబుగానే ఉంది, కానీ మన చర్చకు వచ్చేసరికి దాని ఫలితం విచిత్రంగా ఉంటుంది. నాయకులు మనసు విప్పేది సాధారణంగా అధికారిక ఖాతాలో కాదు, వ్యక్తిగత ఖాతాలో. నచ్చని ప్రశ్న అడిగినవారిని ఏ సంజాయిషీ లేకుండా బయటకు పంపగలిగే వీలు ఎక్కువగా ఉండేదీ ఆ ఖాతాలోనే.